శ్రీరాంపురపు తోట

మన తెలుగు సంఘములలో విలియం కేరీగారి పేరు విననివారు అరుదు. 1818వ సంవత్సరమున శ్రీరాంపురమునుండి తెలుగు క్రొత్త నిబంధన వెలువడినది ఆయన పూనికవలననే. అయితే అదే ఊరిలో, హుగ్లీనది ఒడ్డున, ఆయన గొప్ప తోటనొకదానిని పెంచిన సంగతి మన సంఘస్థులు అంతగా ఎరుగరు. ఈ నెల దానిని గూర్చి వ్రాయదలచితిమి.

కేరీగారు 1761లో ఇంగ్లండునందలి పాలర్స్‌పరీ గ్రామములో ఒక నేతగాని ఇంట పుట్టిరి. ఆయన తండ్రి సోదరుడు తోటమాలి. చెట్లయందలి మక్కువ ఆయనవలననే పిల్లవానికి అంటెను. పొలము పనికి పెట్టగా, ఎండ తగిలినప్పుడెల్ల చర్మవ్యాధి బాధించుటచేత, ఆ పని మాని చెప్పులు కుట్టుట నేర్చుకొనెను. ఎండకు తాళలేని ఆ బాలుడే పెద్దవాడై వంగదేశములో 40 సంవత్సరములు గడుపునని ఎవరు తలంచియుందురు?

1793లో ఆయన ఈ దేశమునకు వచ్చిరి. మొదట నీలిమందు తోటల పనిలోనుండి, అక్కడనుండియే ఏటేట విత్తనములు, కొడవళ్లు, నాగళ్లు పంపుడని, వాటి వెల తామే చెల్లింతుమని స్వదేశమునకు వ్రాసిరి. 1800లో శ్రీరాంపురము చేరిన పిమ్మట సుమారు 5 ఎకరముల నేలలో తోట వేసి, లిన్నేయసు పండితుని పద్ధతి ననుసరించి మొక్కలను వర్గములుగా ఏర్పరచి నాటించిరి. మహాగని, టేకు, చింత మొదలగు మహావృక్షములును, వేలెడంత గడ్డిపూలును అందుండెను. ఒకసారి ఇంగ్లండునుండి వచ్చిన విత్తనముల సంచిని ఖాళీచేసి, అడుగున మిగిలిన మట్టిని నీడపట్టున దులుపగా, కొన్నాళ్లకు చిన్ననాడు చూచిన డెయిజీ పువ్వు మొలిచెనట. అది చూచి ఆయన పసిబిడ్డవలె సంతోషించిరి.

ఇక్కడ మన సీమకొక సంబంధము కలదు. కలకత్తాలోని కంపెనీవారి తోటకు అధికారియైన రాక్స్‌బర్గుగారు అంతకు ముందు మన సామర్లకోటలో ఏండ్ల తరబడి మొక్కలను పరిశోధించినవారు. ఆయనకును కేరీగారికిని గాఢస్నేహము. కుంభి అను వృక్షపు జాతికి ఆయన కేరీయా అని మిత్రుని పేరే పెట్టిరి. అది మన తూర్పు కనుమల అడవులలోను పెరుగును. ఆయన జబ్బుపడి దేశము విడిచినప్పుడు, కలకత్తా తోటలోని సుమారు 3,500 మొక్కల పట్టికను కేరీగారు 1814లో శ్రీరాంపురమున అచ్చువేయించిరి. రాక్స్‌బర్గుగారి పెద్ద గ్రంథమును 1832లో 3 సంపుటములుగా వెలువరించినదియు కేరీగారే. అందులో మన చెట్లకు మన తెలుగు పేర్లే కనబడును.

సువార్తికునికి పూలతో పనియేమని కొందరు భక్తులు అడుగుదురు. దేవదారునుండి హిస్సోపువరకు చెట్లను గూర్చి మాటలాడిన సొలొమోనును వారు మరచిరేమో! కేరీగారు ప్రతి ఉదయము ఆ తోటలోనే ప్రార్థించెడివారు. అందుకు మరియొక కారణమునుండవచ్చునని మాకు తోచుచున్నది. మొదట ఈ దేశమునకు రానొల్లక, పిదప వచ్చిన ఆయన భార్య డొరొతీయమ్మగారు, 1794లో ఒక కుమారుడు చనిపోయిన తరువాత మతి చలించి, 1807లో మరణించువరకు కోలుకొనలేదు. ఆ 12 ఏండ్లు ఆ ఇంట శాంతి లేదు. గొప్పవారి చరిత్రలలో ఇట్టివి దాచుట మాకిష్టము లేదు. ఆ తల్లి పడిన బాధయు దేవుడు ఎరుగును.

1812 మార్చిలో అచ్చుకూటము కాలిపోయి, తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి బూడిదయయ్యెను. కేరీగారు దానిని మరల వ్రాసి 1814లో ముద్రించిరి. 1823 అక్టోబరులో నీటి శోధన వచ్చెను. కలకత్తాలో ప్రసంగించి తిరిగి వచ్చుచు పడవదిగునప్పుడు కాలుజారి పడి, జ్వరముతో మంచమునుండి లేవలేకయుండగా, దామోదరనది గట్లు తెంచుకొని పొర్లెను. ఏరు ఒడ్డును కోసివేయుచుండగా ఆయనను ఇల్లు మార్పించవలసి వచ్చెను. ఏండ్ల తరబడి కూర్చిన మొక్కలు నీటిపాలయ్యెను. అప్పటికి ఆయనకు 62 ఏండ్లు. ఒక్క సొరచెట్టు వాడినందుకు యోనా చావు కోరుకొనెను. కేరీగారు దుఃఖపడిరి గాని, కర్రలూతగా నడవగలిగిన పిమ్మట మరల నాటింప నారంభించిరి. ఇది చదివినప్పుడెల్ల, ఏటి ముంపుకు పంట పోగొట్టుకొని, నీరు తీయగానే మరల నారు పోసికొను మన సంఘములోని రైతులు మా కన్నులయెదుట నిలుతురు.

కడపటి నెలలలో నడువలేనందున చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి తోటలో త్రిప్పెడివారు. అదియు సాధ్యముకానప్పుడు పెద్ద తోటమాలి రోజును పడకయొద్దకు వచ్చి ఏ మొక్క ఎట్లున్నదో చెప్పిపోయెడివాడు. ఒకనాడు కేరీగారు దిగులుగా, తాము పోయినతరువాత మార్ష్‌మన్‌గారు తోటలోనికి ఆవులను విడిచిపెట్టుదురేమోయని అనిరట. తోటలయందు తమకంత అభిరుచి లేకున్నను దీనిని కాపాడుట తమకు పవిత్రమైన విధియని మార్ష్‌మన్‌గారు మాట ఇచ్చిరి. 1834 జూన్ 9న తెల్లవారుజామున కేరీగారు ప్రభువునందు నిద్రించిరి.