త్సాయ్ షియాంగ్: లోయాంగ్ వంతెన శాసనము

చీనాదేశమున సోంగ్ వంశ కాలమునందలి నలుగురు మేటి లేఖనకళావేత్తలలో త్సాయ్ షియాంగ్ ఒకడు. ఇతడు 1012లో ఫూజియన్ సీమయందలి శ్యెన్‌యౌలో జన్మించి, 1030లో రాజోద్యోగ పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. తేయాకును గూర్చియు, లిచీ ఫలములను గూర్చియు ఇతడు రచించిన గ్రంథములు ప్రసిద్ధములు. అయినను జనసామాన్యము ఇతనిని తలచునది వంతెన కట్టినవానిగనే.

ఆ వంతెన చ్వాన్‌చౌ రేవునకు సమీపమున, లోయాంగ్ నది సముద్రమును కలియుచోట నున్నది. 1281 నాటి తమిళ శాసనము లభించిన తావుగా ఈ నగరము మన పండితులకు పరిచితమే. ఆటుపోట్ల ఉరవడికి అచ్చట పడవ దాటుట అపాయకరము. ఒండ్రునేలలో స్తంభము నిలుచుట కష్టము. కావున నిర్మాతలు వంతెన పొడవునను నదీగర్భమున రాళ్లు పోసి వెడల్పైన పునాది నేర్పఱచి, దానిపై పడవ ముక్కువలె కొనదేలిన స్తంభములు కట్టిరి. ఆ రాళ్లపై ఆల్చిప్పలను పెంచగా, అవి అంటుకొని రాళ్లను ఒక్కటిగా బిగించినవి. రాతిదూలములను పోటు వేళ నీటిపై తెచ్చి, ఆటుతోపాటు స్తంభములపైకి దింపిరని చెప్పుదురు.

పని 1053లో ఆరంభమై 1059లో ముగిసినది. త్సాయ్ అచ్చటికి పాలకుడుగా వచ్చినది 1056లో, మఱల 1058లో. జనశ్రుతి మాత్రము నిర్మాణమంతయు అతనికే ఆరోపించినది. అతడు సముద్రపు నాగరాజునకు లేఖ పంపగా, సిర్కా అను అర్థముగల ఒక్క అక్షరము బదులుగా వచ్చెననియు, దాని అవయవములను విడదీసి ఇరువదియొకటవ దినము, సాయంవేళ అని గ్రహించి, నీరు తీసిన ఆ గడియలో పునాది వేయించెననియు కథ. 1345లో ముగిసిన సోంగ్ వంశ చరిత్రయు వంతెనను, ఆల్చిప్పల యుక్తిని అతని పేరనే వ్రాసినది.

అతడు స్వహస్తమున వ్రాసి చెక్కించిన 153 అక్షరముల శాసనము వేఱు విధముగా చెప్పుచున్నది. 47 నీటిదారులు, చీనా కొలతలో 3600 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, దాతల వలన సమకూడిన 1 కోటి 40 లక్షల నాణెముల వ్యయము అందు గలవు. పని నడపినవారు లూ శీ, వాంగ్ షి, షూ జుంగ్, బౌద్ధభిక్షువులు ఈబో, త్సుంగ్‌షాన్ మొదలుగా 15 మంది. తన వంతుగా అతడు చెప్పుకొన్నది వంతెన ముగిసినపుడు విందు జరుపుట, మఱుసటి యేట రాజధానికి పోవుచు ఈ లేఖ చెక్కించుట మాత్రమే.

త్సాయ్ 1067లో మరణించెను. అతని చరిత్ర వ్రాయువాడు కథను, రాజవంశ చరిత్రను, శాసనమును విడివిడిగా తూచి చూడవలయును. శాసనమును బట్టి వంతెన పదునైదుగురి శ్రమఫలము. ఆ సంగతిని దాచక రాతిపై నిలుపుట త్సాయ్ చేసిన మేలు.