టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే

బహ్రెయిన్‌కు వచ్చాక టిన్‌టిన్ ఆల్బమ్‌లు ఇంగ్లీషులో ఒక్కొక్కటిగా కొని దాచుకుంటున్నాను. వాటి సృష్టికర్త ఎర్జే అసలు పేరు జార్జ్ రెమీ. 1907లో బ్రస్సెల్స్‌లో జన్మించారు. 1929లో ఒక దినపత్రిక పిల్లల అనుబంధంలో టిన్‌టిన్‌ను మొదలుపెట్టారు.

తొలి కథల్లో రష్యానూ, కాంగోనూ చూడకుండానే, విన్నదాన్ని బట్టి గీశారు. కాంగో కథలో ఆఫ్రికావారిని చిన్నచూపు చూశారన్న విమర్శ నేటికీ ఉంది. 1934లో చాంగ్ అనే చైనా విద్యార్థితో కలిసిన స్నేహం ఆయనను మార్చింది. ఆ దేశం గురించి చాంగ్‌నే అడిగి తెలుసుకుని 'బ్లూ లోటస్' గీశారు.

చమురు గొడవలతో నడిచే 'లాండ్ ఆఫ్ బ్లాక్ గోల్డ్' ఇక్కడ గల్ఫ్‌లో చదివితే మరీ దగ్గరగా అనిపిస్తుంది. 1940లో యుద్ధం వల్ల ఆగిన ఆ కథ 1950లో పుస్తకమైంది.

1981లో చాంగ్‌ను మళ్ళీ కలుసుకున్న ఎర్జే, 1983లో కన్నుమూశారు. నానా దేశాలవాళ్ళ మధ్య పెరిగే మన పిల్లలకు ముందుగా 'బ్లూ లోటస్' చదివించండి.