మక్తల్‌కు రైలు 2023లో.. కానీ రైలు లెక్కలు అడిగినందుకు 1883లోనే బహిష్కరణ! ఎవరీ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ?

మక్తల్ వాళ్లకు రైలు కొత్త. జక్లేర్-కృష్ణా మధ్య 37 కిలోమీటర్ల లైన్‌ను ప్రధాని మోదీ 2023 అక్టోబర్ 1న మహబూబ్‌నగర్ వేదికగా ప్రారంభించారు. అప్పటిదాకా మక్తల్ జనం రైలెక్కాలంటే కృష్ణా స్టేషన్‌కో, రాయచూర్‌కో పోవాల్సిందే. ఈ లైన్ మంజూరైంది 1997-98లో. ఖర్చెంత, ఎక్కడిదాకా పని అయిందన్నది ఏటా బడ్జెట్ పత్రాల్లో వస్తూనే ఉంది. ఎవరైనా చూసుకోవచ్చు.

కానీ 140 ఏళ్ల కింద ఇదే నిజాం రాజ్యంలో రైలు ఒప్పందం వివరాలు బయటపెట్టండని అడిగిన ఒక ప్రొఫెసర్‌ను రాజ్యం నుంచే పంపించేశారు. ఆయనే డాక్టర్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తండ్రి అంటే అందరూ గుర్తుపడతారు. కానీ ఆయన కథ అంతకంటే పెద్దది.

1851లో తూర్పు బెంగాల్‌లోని విక్రమ్‌పూర్ ప్రాంతంలో పుట్టారు. స్కాలర్‌షిప్‌పై స్కాట్లాండ్ వెళ్లి, ఎడిన్‌బరో యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివారు. 1877లో డీఎస్సీ అందుకున్నారు. ఆ డిగ్రీ సాధించిన తొలి భారతీయుడిగా ఆయన పేరే చెబుతారు. ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి ఇంగ్లీష్ చదువుకు పునాది వేశారు. నేటి నిజాం కాలేజీ మూలాలు అక్కడే ఉన్నాయి. 1879లో సరోజిని ఇక్కడే పుట్టారు.

ఇక అసలు గొడవ.. చాందా రైల్వే స్కీమ్!

1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం రైలు వచ్చింది. దాన్ని అటు బెజవాడ, ఇటు చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు పొడిగించాలన్నది ప్లాన్. డబ్బు లండన్‌లో షేర్లు అమ్మి తేవాలి. 1883 ఫిబ్రవరిలో దివాన్ మొదటి సాలార్‌జంగ్ చనిపోయారు. నిజాం మహబూబ్ అలీఖాన్‌కు అప్పటికి నిండా 17 ఏళ్లు కూడా లేవు. అలాంటి టైమ్‌లో లండన్‌లో బేరం నడిపింది అబ్దుల్ హక్ అనే అధికారి.

ఒప్పందంలో కీలకం ఏంటంటే.. పెట్టుబడిపై 20 ఏళ్ల పాటు ఏడాదికి 5 శాతం రాబడికి నిజాం సర్కారు గ్యారంటీ. సింపుల్‌గా చెప్పాలంటే, వంద రూపాయల పెట్టుబడిపై రైల్వే 3 రూపాయలే సంపాదిస్తే మిగతా 2 రూపాయలు ఖజానా కట్టాలి. ఖజానా అంటే ఎవరిది? రైతు కట్టే శిస్తే కదా! మక్తల్ రైతుదీ అందులో ఉంది. లండన్‌లో షేర్ కొనేవాడికి తన రాబడి ఎంతో ముందే తెలుసు. ఇక్కడ పూచీ పడ్డవాడికి మాత్రం ఏమీ తెలియదు.

ఇదే పాయింట్ పట్టుకున్నారు అఘోరనాథ్. ముల్లా అబ్దుల్ ఖయ్యూం లాంటి వాళ్లతో కలిసి కమిటీగా ఏర్పడ్డారు. షరతులన్నీ జనం ముందు పెట్టాలి, వాళ్ల అభిప్రాయం తెలిసేదాకా ఫైనల్ చేయొద్దు.. ఇదీ డిమాండ్. ఇవాళ చూస్తే చాలా మామూలు కోరిక. కానీ ఆయన సర్కారు జీతం తీసుకునే ఉద్యోగి. అడిగింది రాజ్యం గుట్టు. 1883 మే నెలలో ఉద్యోగం నుంచి తప్పించి, హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టారు. అప్పటికి సరోజిని వయసు నాలుగేళ్లు. అదే ఏడాది చివర్లో రైల్వే ఒప్పందం కుదిరిపోయింది.

ఇక్కడితో అయిపోలేదు. 1886లో రాజ్యంలోని ఖనిజాల తవ్వకం హక్కులు ఒక లండన్ బృందానికి దక్కాయి. హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. క్యాపిటల్ 10 లక్షల పౌండ్లు. 10 పౌండ్ల చొప్పున లక్ష షేర్లు. అందులో 85 వేల షేర్లు హక్కులు తెచ్చిన ప్రమోటర్లకే వెళ్లాయి, అదీ పైసా కట్టకుండా! ఆ తర్వాత నిజాం సర్కారు ఒక్కో షేరును 12 పౌండ్లు పెట్టి వేల సంఖ్యలో కొన్నది. అమ్మిందెవరు? సర్కారు తరఫున బేరమాడిన అబ్దుల్ హక్కే. ఆ షేర్లు ఆయనవేనని కొన్న సర్కారుకు తెలియదు. 1888లో విషయం బయటపడి బ్రిటిష్ పార్లమెంట్ సెలెక్ట్ కమిటీ వేసి విచారించింది. అబ్దుల్ హక్ పదవి పోయింది.

అఘోరనాథ్ ఈ స్కామ్‌ను ముందే ఊహించారని చెప్పలేం. రెండు ఒప్పందాలూ వేరు. రైల్వే వల్ల మేలు జరగలేదనీ కాదు, 1889కల్లా బెజవాడకు లైన్ పడింది, సింగరేణి బొగ్గు కదిలింది. కానీ రెండు చోట్లా బేరమాడింది ఒకరే, కాగితాలు కూడా జనానికి కనపడలేదు. 1883లోనే ఆ కాగితాలు బయటపెట్టే అలవాటు చేసి ఉంటే ఆ 12 పౌండ్ల బేరం అంత ఈజీగా నడిచేది కాదేమో. ఇప్పుడైతే ప్రమోటర్ ఎవరు, ఎన్ని షేర్లు ఉన్నాయన్నది లిస్టెడ్ కంపెనీలు సెబీ రూల్స్ ప్రకారం చెప్పి తీరాలి.

కొంతకాలానికి అఘోరనాథ్‌ను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఆయన మాత్రం మారలేదు. సంఘసంస్కరణ, రాజకీయ చర్చలు వదల్లేదు. కులాంతర పెళ్లిళ్లకు దారి ఇచ్చే 1872 చట్టం కోసం పట్టుబట్టారు. 1898లో సరోజిని పెళ్లి ఆ చట్టం కిందే జరిగింది. అబిడ్స్‌లోని వాళ్ల ఇల్లు, నేటి గోల్డెన్ థ్రెషోల్డ్, ఊళ్లోని మేధావులకు అడ్డాగా ఉండేది. చివరికి మళ్లీ హైదరాబాద్ వదలాల్సి వచ్చింది. 1915 జనవరిలో కలకత్తాలో కన్నుమూశారు.

అప్పటికి చాందా వైపు లైన్ ఇంకా పడనేలేదు. కాజీపేట-బల్లార్షా మార్గం 1920ల్లో పూర్తయింది. 1930లో నిజాం సర్కారు ఆ లండన్ కంపెనీ నుంచి రైల్వేను కొనేసి తన చేతుల్లోకి తీసుకుంది.