యల్లాప్రగడ సుబ్బారావు: కండరంలో రక్తం ఆగితే ఎంఆర్‌ఐ పసిగడుతుంది.. దాని వెనుక మన తెలుగు డాక్టర్!

ఎంఆర్‌ఐ అంటే శరీరం లోపలి ఫొటో మాత్రమే అనుకుంటాం. కానీ నాళాల్లో రక్తం ఎంత వేగంగా పారుతోందో కూడా అది కొలుస్తుంది. కదిలే రక్తం నుంచి వచ్చే సిగ్నల్‌లో తేడా వస్తుంది, ఆ తేడాయే లెక్క. ఇదే యంత్రాన్ని ఫాస్ఫరస్ సిగ్నల్‌కు ట్యూన్ చేస్తే కండరం శక్తి తెలుస్తుంది. అందులో ప్రధానంగా కనిపించేవి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. పనిచేసే కండరానికి రక్తం అందకపోతే ఫాస్ఫోక్రియాటిన్ పడిపోతుంది, రక్తం మళ్లీ అందితే కోలుకుంటుంది. ఈ రెండింటి ఆవిష్కరణలోనూ ఓ తెలుగువాడి చేయి ఉంది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఈలోగా స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో బలి తీసుకుంది.

మామగారి డబ్బు, కాకినాడ సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయంతో అమెరికా వెళ్లారు. రాత్రిళ్లు ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తం, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ కొలతే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌కు, 1929లో ఏటీపీకి దారి చూపింది. ఏటీపీని అప్పుడే జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారు చేసింది. సోదరులను మింగిన స్ప్రూ చికిత్సలో అదే మందు పనికొచ్చింది! కానీ అప్పటికి వాళ్లు పోయి ఇరవై ఏళ్లు దాటింది.

కరీంనగర్‌కూ ఆయనతో లింక్ ఉంది. ఉమ్మడి జిల్లాలో బోదకాలు నివారణకు ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర గుర్తుందా? హెట్రాజాన్ పేరుతో 1947లో దాన్ని బయటపెట్టింది ఆయన బృందమే. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌పై తొలిసారి పనిచేసిన అమినోప్టెరిన్ కూడా ఆ ల్యాబ్‌ నుంచే వచ్చింది.

1948 ఆగస్టులో 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు. అమెరికా వెళ్లాక మళ్లీ స్వదేశానికి రాలేదు, భార్యను చూడలేదు. నోబెల్ రాలేదు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది. పేరు చాలామందికి తెలియకపోయినా, ఆయన మందులు మాత్రం ఇప్పటికీ మన మందుల షాపుల్లో ఉన్నాయి.