ఎముకకూ లోహానికీ చుట్టరికం కలిపిన డాక్టర్ బ్రోనెమార్క్

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను, ముప్పై ఏళ్ళు లెడ్జర్లు రాసినవాణ్ణి. అయితే నా కింది దవడలో ఉన్న రెండు టైటానియం మరల పుణ్యమా అని ఒక మహనీయుని గురించి తెలుసుకున్నాను. ఆ నాలుగు మాటలే మీతో పంచుకుంటాను.

పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1929 మే 3న స్వీడన్‌లోని కార్ల్స్‌హామ్న్ పట్టణంలో జన్మించారు. లుండ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. ఆయన పంటి డాక్టరు కారు. ఎముక మానేటప్పుడు అందులో రక్తప్రసరణ ఎలా జరుగుతుందన్నది ఆయన పరిశోధన. అందుకోసం 1950వ దశకం తొలినాళ్ళలో కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గూడు అమర్చి, సూక్ష్మదర్శినితో చూసేవారు. పని ముగిశాక దాన్ని తీయబోతే రాలేదు. ఎముక పట్టేసుకుంది. మరొకరైతే ఖరీదైన పరికరం పోయిందని విసుక్కునేవారే. ఆయన ఎందుకు రాలేదా అని ఆలోచించారు.

గాలి తగలగానే టైటానియం మీద అతి పల్చని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అందువల్ల అది ఒంట్లో తుప్పు పట్టదు. ఎముక కణాలు దానిని ఆనుకొని పెరుగుతాయి. నునుపు లోహం కంటే గరుకుగా, సన్నని రంధ్రాలతో ఉన్నదాన్ని అవి మరింత గట్టిగా పట్టుకుంటాయని తరువాతి పరిశోధనల్లో తేలింది. పాత గోడకు గాట్లు పెట్టి సిమెంటు పూయడం మనకు తెలిసిందే కదా!

1965లో గోటెబోర్గ్‌లో, పుట్టుకతోనే దవడ లోపమున్న ఒక వ్యక్తికి ఆయన తొలిసారి ఇటువంటి దంతాలు అమర్చారు. ఆ మనిషి 2006లో కన్నుమూసేదాకా, అంటే నలభై ఏళ్ళు, అవి పనిచేశాయి. కాని పంటి వైద్యుల లోకం చాలాకాలం ఆయనను నమ్మలేదు. చిగురు చీల్చి ఎముకలో లోహం పెడితే చీము పట్టి ఊడిపోతుందని వారి వాదం. ఆయన వాదులాటకు దిగకుండా, ఒక్కొక్క రోగినీ ఏళ్ళ తరబడి గమనించి లెక్కలు రాసి పెట్టుకున్నారు. 1982లో టొరంటో సదస్సులో ఆ లెక్కలు చూశాకే ఉత్తర అమెరికా వైద్యులు ఒప్పుకున్నారు. ఇదే పద్ధతి తరువాత వినికిడి పరికరాలకూ, కృత్రిమ అవయవాలకూ అక్కరకు వచ్చింది. 2014 డిసెంబరు 20న గోటెబోర్గ్‌లో ఆయన పరమపదించారు.

ఇక నా సంగతి. ఖర్చుకు జంకి, భయపడి రెండేళ్ళు వాయిదా వేశాను. మనుమరాలి పెళ్ళిలో అందరూ విందు చేస్తుంటే నేను పెరుగన్నంతో లేచాను. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను. ముందు షుగరు అదుపులోకి తెచ్చుకోమన్నారు డాక్టరుగారు. మరలు బిగించాక, ఎముక అతుక్కోవడానికి నాలుగు నెలలు ఆగమన్నారు. ఆగాను. అంత ఓపిక పట్టిన బ్రోనెమార్క్ గారి ముందు నా నాలుగు నెలలు ఏపాటివి?

పళ్ళు లేవని తిండి తగ్గించుకుంటున్న మిత్రులు ఒక్కసారి మంచి వైద్యుని సలహా అడగండి. అందరికీ సరిపడకపోవచ్చు, అడగడంలో తప్పు లేదు. ఈసారి సర్వసభ్య సమావేశంలో జంతికలు పంచేటప్పుడు నన్ను మాత్రం మరవవద్దని కార్యదర్శిగారికి మనవి.