విజయం తెచ్చినా పదవి దక్కని గగన రక్షకుడు డౌడింగ్

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వైమానిక దాడుల నుంచి బ్రిటన్‌ను కాపాడిన సేనాని ఎయిర్ చీఫ్ మార్షల్ హ్యూ డౌడింగ్. అయితే గెలిచిన కొద్ది వారాలకే ఆయన పదవి కోల్పోవలసి వచ్చింది.

డౌడింగ్ 1882 ఏప్రిల్ 24న స్కాట్లాండ్‌లోని మోఫట్‌లో జన్మించారు. 1900లో ఫిరంగి దళంలో చేరి సిలోన్, హాంకాంగ్‌లతో పాటు భారతదేశంలోని పర్వత ఫిరంగి దళంలోనూ పనిచేశారు. 1913లో విమానం నడపడం నేర్చుకున్నారు. 1916లో సోమ్ పోరు వేళ అలసిన పైలట్లకు విశ్రాంతి ఇవ్వాలని పట్టుబట్టి పై అధికారి ట్రెంచార్డ్ ఆగ్రహానికి గురయ్యారు. 1920లో భార్య మరణించగా పసివాడైన కుమారుడు డెరెక్ పెంపకభారం ఆయనపై పడింది.

ముందుచూపే ఆయుధం

1935లో వాట్సన్‌వాట్ రాడార్ ప్రయోగానికి డౌడింగ్ అండగా నిలిచారు. 1936లో ఫైటర్ కమాండ్ తొలి అధిపతిగా బాధ్యతలు చేపట్టారు. తీరం వెంబడి రాడార్ కేంద్రాలు, వాటి వెనుక పరిశీలకులు, వారి సమాచారాన్ని క్షణాల్లో చేరవేసే టెలిఫోన్ తీగలు, శత్రువు ఆచూకీని బల్లపై పరిచిన పటం మీద గుర్తించే గదులు... ఇలా పటిష్ఠ వ్యవస్థను నిర్మించారు. దీనివల్ల విమానాలు నిరంతరం గస్తీ తిరగాల్సిన అవసరం తప్పింది.

ఫ్రాన్స్ కుప్పకూలుతున్న వేళ, ఇంకా యుద్ధ విమానాలను అక్కడికి పంపితే స్వదేశ రక్షణే అసాధ్యమవుతుందని 1940 మే 16న ప్రభుత్వానికి నిర్మొహమాటంగా లేఖ రాశారు.

1940 జులై 10 నుంచి అక్టోబరు 31 వరకు సాగిన పోరులో సుమారు 2,900 మంది వైమానికులు పాల్గొనగా 544 మంది అసువులు బాశారు. డెరెక్ కూడా పైలట్‌గా పోరాడారు. నిజాం ఆర్థిక సాయానికి గుర్తుగా హైదరాబాద్ పేరు ధరించిన 152వ స్క్వాడ్రన్ వార్మ్‌వెల్ స్థావరం నుంచి స్పిట్‌ఫైర్లతో తలపడటం విశేషం. సెప్టెంబరు 17న హిట్లర్ దండయాత్రను నిరవధికంగా వాయిదా వేశారు.

గెలుపు వెనుక చేదు

విమానాలను పెద్ద గుంపులుగా పంపాలన్న లీమలోరీ వర్గం వాదన, రాత్రి బాంబుదాడులను అడ్డుకోలేకపోవడం డౌడింగ్‌కు ప్రతికూలమయ్యాయి. నవంబరులో ఆయనను తప్పించి షోల్టో డగ్లస్‌ను నియమించారు. 1941లో వైమానిక శాఖ ఈ పోరుపై వెలువరించిన పుస్తకంలో ఆయన పేరే లేదు! వైమానిక దళ అత్యున్నత హోదా కూడా దక్కలేదు. 1943లో ప్రభువు బిరుదు మాత్రం లభించింది.

విశ్రాంత జీవితంలో ఆధ్యాత్మిక చింతనకు మళ్లిన డౌడింగ్ శాకాహారాన్ని స్వీకరించి, మూగజీవాలపై హింసను ప్రభువుల సభలో నిరసించారు. 1970 ఫిబ్రవరి 15న కన్నుమూశారు. ఆయన చితాభస్మాన్ని రాజుల సమాధులున్న వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉంచారు. 1988లో లండన్‌లోని సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చి ఎదుట విగ్రహం ప్రతిష్ఠించారు. బతికుండగా నిరాకరించిన గౌరవం మరణానంతరం అలా ఆయనను చేరింది.