సామర్లకోట తోటలో విలియం రాక్స్‌బరో

యుద్ధము నడుచుచుండగా పాలకులకు కోటలపై, తుపాకులపై శ్రద్ధ యుండుట సహజము. తోటపై శ్రద్ధ యుండుట అరుదు. అయినను ఈస్టిండియా కంపెనీ మైసూరుతో పోరాడుచున్న దినములలోనే, గోదావరీ ప్రాంతమందలి సామర్లకోటలో ఒక తోట వెలసెను. దానిని పెంచినవాడు విలియం రాక్స్‌బరో. భారతీయ వృక్షశాస్త్రమునకు పితామహుడని పలువురు పేర్కొను ఈతని కీర్తికి పునాది పడినది తెలుగు నేలపైననే.

రాక్స్‌బరో 1751లో స్కాట్లండునందు జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యమును, జాన్ హోప్ అను ఆచార్యునివద్ద వృక్షశాస్త్రమును అభ్యసించెను. కొంతకాలము ఓడలలో వైద్యునకు సహాయకుడుగా తిరిగి, 1776లో మద్రాసున కంపెనీ వైద్యశాఖలో చేరెను. 1780లో హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. ఆ మరుసటి యేడు రాక్స్‌బరో సామర్లకోట సైనికస్థావరమునకు వైద్యుడై వచ్చెను. సైనికులకు మందిచ్చుట అతని ఉద్యోగము. మొక్కలను వెదకుట అతని వ్యసనము. తొలినాళ్లలో కూర్చుకొన్న సేకరణములు వరదపాలయ్యెను. అతడు నిరాశ చెందక పనిని మరల మొదటినుండి ప్రారంభించెను.

ఈ తోటకు యుద్ధమే ఒక ఊతమయ్యెను. ఐరోపాలో మిక్కిలి గిరాకి గల మిరియము మలబారునుండి రావలెను. మలబారు హైదరాలీకిని, అతని తరువాత టిప్పు సుల్తానుకును లోబడియుండెను. శత్రువు చేతిలోని సరకును నమ్ముకొని వ్యాపారము సాగునా? రాజమహేంద్రవరపు కొండలోయలలో మిరియాల తీగె తనంతట తానే పెరుగుచుండుటను రాక్స్‌బరో గమనించి, సర్కారులలోనే దానిని సాగు చేయవచ్చునని ప్రభుత్వమునకు తెలిపెను. అనుమతి లభించెను. మిరియముతోపాటు కాఫీ, దాల్చిన, జాఫ్రా, మల్బరీ, సీమపనస మొదలగునవి ఆ తోటలో చేరినవి. ఈ పనియంతయు ఒక్క వైద్యుని చేతులతో జరుగునది కాదు. తీగె ప్రాకుటకు చెట్టు కావలెను, వేసవిలో నీరు కావలెను, కలుపు తీయువారు కావలెను. ఆ శ్రమ స్థానికులది.

యుద్ధకాలపు అవసరములు అతని పరిశోధనలలో అడుగడుగున కనిపించును. మురికినీటిని తేర్చుటకు చిల్లగింజలను దండయాత్రలలో ముందుచూపు గల సైనికులు వెంట నుంచుకొందురని అతడు వ్రాసి యుంచెను. జ్వరములకు వాడు సింకోనా పట్ట దక్షిణ అమెరికానుండి రావలసి యుండగా, దానికి బదులుగా మన సోమిద చెట్టు పట్టను పరీక్షించెను. అంకుడు ఆకులనుండి వేడినీటితో నీలిరంగును తీయు విధానమును వివరించెను. ఏటికొప్పాక బొమ్మలు తయారగునది ఈ అంకుడు కఱ్ఱతోనే.

రాక్స్‌బరో చేసిన పనులలో మిక్కిలి చిరకాలము నిలిచినది చిత్రరచన. దేశీయ చిత్రకారులను నియమించి, మొక్కలను ఎదుట నుంచి యథాతథముగ వ్రాయించెను. 1794 నాటికి 500 చిత్రములు, వాని వర్ణనలతో లండనులోని కంపెనీ డైరెక్టర్లకు చేరెను. వానిలో 300 చిత్రములు కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన మూడు బృహత్సంపుటములుగ 1795 నుండి 1820 వరకు అచ్చయ్యెను. మోదుగ, సోమిద, వస్త్రములకు ఎఱుపు నిచ్చు చిరివేరు అందు కలవు. ఆ సంపుటముల ముఖపత్రములపై రాక్స్‌బరో పేరున్నది, వానిని అచ్చునకు సిద్ధపరచిన జోసెఫ్ బ్యాంక్స్ పేరున్నది. కుంచె పట్టిన మనవారి పేరు లేదు.

1791, 1792 సంవత్సరములలో ఉత్తర సర్కారులను ఘోరక్షామము పీడించెను. దానిని కన్నులార చూచిన రాక్స్‌బరో, నూరేండ్ల క్రిందట సంభవించిన క్షామమును గూర్చి పిఠాపురము రాజావారివద్ద గల వివరములను సేకరించి ప్రభుత్వమునకు తెలియజేసెను. వాన తప్పిన యేడును ఆహార మీయగల కొబ్బరి, తాటి, పనస వంటి చెట్లను విరివిగా నాటింపవలెనని సూచించెను. వానపైనే ఆధారపడిన పొదిలి వంటి మెట్టసీమలవారికి ఈ సూచన విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇతడు కేవలము పరోపకారి యని పొగడుట సరికాదు. తోట పెంచుటలో కంపెనీ లాభమును, తన స్వంత వ్యాపారమును గూడ అతడు మరువలేదు. కాని మిరియపు తోట ఆశించిన లాభము నీయలేదు. 1793లో అతడు కలకత్తా తోటకు అధికారియై వెడలగా, బెంజమిన్ హైనె సామర్లకోట తోటను చేపట్టెను. రాక్స్‌బరో 1813లో స్వదేశమునకు బయలుదేరి, 1815లో ఎడింబరోలో మరణించెను. అతని మహాగ్రంథము ఫ్లోరా ఇండికా సంపూర్ణముగ వెలువడినది 1832లో, శ్రీరామపురపు విలియం కేరీ పూనికతో.

వర్తకమునకై పెంచిన తోట నశించెను. అందు పనిచేసినవారి పేర్లు గ్రంథములకెక్కలేదు. వారి మాటలు మాత్రము నిలిచినవి. రాక్స్‌బరో ప్రతి మొక్కకును తెలుగు పేరు అడిగి వ్రాసికొనెడివాడు. సండ్ర చెట్టు జాతినామము ఆ తెలుగు పేరునుండియే పుట్టెను. సోమిద యను మాట, అతని అనంతరము 1830లో, ఒక ప్రజాతికే పేరయ్యెను. ఈ రెండు చెట్లును పొదిలికి పడమటనున్న నల్లమల అడవులలో నేటికిని పెరుగుచున్నవి. వానిని చూపి, ఆ పేర్లను పలికించి, అవి ప్రపంచ శాస్త్రమున కెక్కిన విధమును ఉపాధ్యాయులు బాలురకు చెప్పినచో, పేరు లేకపోయిన ఆ తోటమాలులకును, చిత్రకారులకును అది తగిన గౌరవము కాగలదు.